వరద బాధితుడిని వేలిముద్ర అడగవచ్చునా?

సింగ్‌నగర్ నివాసి: 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలోని మా కాలనీని ముంచినప్పుడు డ్రోన్లతో ఆహార పొట్లాలు పంపారని అందరూ మెచ్చుకుంటున్నారు. మా వీధి మొదట్లోని డాబాల మీద అవి పడ్డాయి గాని, లోపలి సందుల్లోని రేకుల ఇళ్లకు రాలేదు. డాబా ఎక్కి చేతులూపే మనిషి పైనుంచి కనిపిస్తాడు, రేకుల కింద మంచమెక్కి కూర్చున్న ముసలమ్మ కనిపించదు. ఇటువంటి సాంకేతికతను ఎంతవరకు నమ్మవచ్చు?

పటమట పాఠకుడు: డ్రోను మోసేది కొద్ది కిలోలే. ట్రాక్టర్లు, పడవలు చేయవలసిన పనిని దాని నుంచి ఆశించడం తప్పు.

సింగ్‌నగర్ నివాసి: నేను బరువు గురించి అడగలేదండీ.

గుంటూరు గుమస్తా: 2020 లాక్‌డౌన్‌లో మిర్చి యార్డు మూతపడింది. ఆ ఏప్రిల్‌లోనే కేంద్రం, రైతుల సరుకుకు లారీలు వెతికిపెట్టే కిసాన్ రథ్ యాప్ తెచ్చింది. అయితే ఫోనులో లారీ దొరికినంత మాత్రాన సరుకు కదలదు. బస్తా ఎత్తే హమాలీ, కాటా వేసే మనిషి, దారిలో బండి ఆపని పోలీసు కూడా కావాలి.

కృష్ణలంక పాఠకుడు: మిర్చితో కడుపు నిండదు కదా!

సింగ్‌నగర్ నివాసి: నీరు తీశాక బియ్యం వరుసలో గంటల తరబడి నిలబడిన మా అమ్మగారి వేళ్లను, నీటిలో నాని ముడతలు పడినందువల్ల, వేలిముద్ర యంత్రం గుర్తించలేదు. పైగా సిగ్నల్ కూడా లేదని, అది వచ్చాక రమ్మన్నారు. ఎవరో ఎప్పుడో దొంగతనం చేశారని మమ్మల్ని అనుమానిస్తారా?

పటమట పాఠకుడు: సంతకాల పుస్తకం ఉన్న రోజుల్లో చనిపోయినవారి పేర్ల మీద బియ్యం ఎత్తడం నేను కళ్లారా చూశాను. వేలిముద్ర వచ్చాకే శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీ విజయవాడలో తన బియ్యం తీసుకోగలుగుతున్నాడు. లెక్క వద్దంటే గట్టిగా అరిచినవాడికే మూట దక్కుతుంది, మీ లోపలి సందుకు అప్పుడూ రాదు.

సింగ్‌నగర్ నివాసి: లెక్క వద్దనలేదు. అన్నం పెట్టాక రాసుకోండి అంటున్నాను. మీరు ముందు రుజువు అడుగుతున్నారు. మన తగవంతా అక్కడే ఉంది.

గుంటూరు గుమస్తా: అలాగైతే ఇంటింటి జాబితాను ముందే కాగితం మీద అచ్చువేసి, నెట్‌వర్కు లేనప్పుడు దానిపై టిక్కు పెట్టి ఇచ్చి, తరువాత యంత్రంలో ఎక్కించవచ్చు.

పటమట పాఠకుడు: సమ్మతమే. కార్డు లేని అద్దెవారి పేర్లను వార్డు సచివాలయం వానలకు ముందే రాసుకోవాలి.

సింగ్‌నగర్ నివాసి: అద్దెకున్నవారి పేర్లు బయటపెడితే ఇంటిపన్ను పెంచుతారని మా వీధిలో యజమానులు భయపడతారు. ముందు వారికి ఎవరు నచ్చజెబుతారో చెప్పండి.