“ముల్లు మార్చండి” అంటే ఏది మార్చాలి?

ప్రశ్న

ఇంట్లో వాడే టర్న్‌టేబుల్‌కు తెలుగులో ఒక వాడుక పుస్తకం తయారవుతోంది. ఒకే పేజీలో “ముల్లు మార్చండి” అని మూడు చోట్ల పడింది. మొదటిచోట వేళ్లతో పట్టి లాగేది. రెండోచోట రెండు స్క్రూలు విప్పి, నాలుగు తీగలు తీసి మార్చేది. మూడోచోట టోన్ఆర్మ్ (ముల్లును రికార్డు మీద మోసే చేయి) చివర ఉన్న కాలర్ తిప్పి మొత్తం ఊడదీసేది. మూడింటికీ ఒకే మాట వాడితే చదివినవాళ్లు ఒకటి కొనబోయి ఇంకొకటి కొంటారు. విడివిడిగా ఏమనాలి? “సూది” పనికొస్తుందా? రెండోదానికి “శబ్దగ్రాహకం” అని ఒకరు సూచించారు.

జవాబు

శబ్దగ్రాహకం అంటే మైకు అనుకుంటారండీ. ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చే ఆ రెండోదాన్ని కార్ట్రిడ్జ్ అనే ఉంచండి, కొనేటప్పుడు డబ్బా మీద కనిపించేది ఆ మాటే.

ముల్లు మాత్రం వదలొద్దు. గ్రామఫోను కాలం నుంచి ఉన్న మాట. అప్పుడది నిజంగా విడి వస్తువే: సౌండ్ బాక్సులో చిన్న స్క్రూతో బిగించిన ఉక్కు ముల్లు. లక్క రికార్డులో కలిపిన రాతిపొడి ఆ ముల్లును మొదటి కొన్ని చుట్లలోనే గాడి ఆకారానికి అరగదీసేది. పాట అయ్యేసరికి అంచులు తేలతాయి కాబట్టి ఒక వైపు అవగానే తీసి పారేసేవారు. “ముల్లు మార్చు” అన్నది రోజూ నోట్లో నానే మాట అయింది అందుకే.

ఇప్పటి ముల్లు ఒంటరిగా రాదు. వజ్రపు మొన, దాన్ని మోసే సన్నటి కడ్డీ, కడ్డీ రెండో చివర బుల్లి అయస్కాంతం, అది ఊగడానికి రబ్బరు, వీటన్నిటికీ ఒక ప్లాస్టిక్ గూడు. ఆ మొత్తాన్ని “ముల్లు” అనండి, కొసను “మొన” అనండి. సూది అంటే కుట్టేదీ గుచ్చేదీ గుర్తొస్తాయి. పైగా ముల్లు అన్నప్పుడు గడియారం ముల్లు, త్రాసు ముల్లు కూడా మన మనసులో ఉంటాయి, అంటే కదిలే సన్నటి భాగం. ఇక్కడ కావలసింది ఆ భావమే.

చేతికి ఏం తగులుతుందో దాన్నిబట్టి విడదీస్తే గొడవ ఉండదు. వేళ్లతో లాగితే వచ్చేది ముల్లు. స్క్రూడ్రైవర్ తీయాల్సి వస్తే కార్ట్రిడ్జ్. కాలర్ తిప్పితే వచ్చేది హెడ్‌షెల్, అంటే కార్ట్రిడ్జ్‌ను బిగించే తల.

పై జవాబుకు చేర్పు

ఒక్క మెలిక ఉంది. వేళ్లతో లాగడం ముఖ్యంగా ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) రకంలో, అంటే అయస్కాంతం కదిలి, తీగచుట్లు స్థిరంగా ఉండే రకంలో. ఎంసీ (మూవింగ్ కాయిల్) రకంలో తీగచుట్లు కడ్డీకే అంటుకొని ఉంటాయి. అక్కడ దాదాపు ఎప్పుడూ ముల్లు ఊడిరాదు. “ముల్లు మార్చండి” అని రాస్తే ఎవరో ఒకరు లాగి విరగ్గొడతారు. ఎంసీకి “కార్ట్రిడ్జ్ మార్చండి, లేదా ముల్లు బాగుచేయించండి” అనే రాయాలి.

ఎంపిక గురించిన పేజీలోనూ ఇది ముందే చెప్పడం మంచిది. ఎంఎం సాధారణంగా 3 నుంచి 6 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఆ చిన్న సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్‌లో 47 కిలోఓమ్‌ల లోడు, 40 డెసిబెల్స్ గెయిన్ (పెంపు) సరిపోతాయి. మామూలు ఎంసీ ఇచ్చేది 0.2 నుంచి 0.6 మిల్లీవోల్టులే. దానికి 60 డెసిబెల్స్ దాకా కావాలి. ఎంఎం మాత్రమే ఉన్న ప్రీయాంప్‌కు డెనన్ డీఎల్-103 లాంటిది (0.3 మిల్లీవోల్టు) తగిలిస్తే పాట ఎక్కడో దూరంగా, హోరు దగ్గరగా వినిపిస్తుంది. కార్ట్రిడ్జ్ చెడిపోయిందనుకొని వెనక్కి పంపేస్తారు. తప్పు జతలో ఉంది.

ముల్లు విడిగా మారే రకమైతే తర్వాత మెరుగైనది వేసుకోవచ్చు. ముల్లు తీశాక మిగిలే కార్ట్రిడ్జ్ భాగాన్ని “ఒళ్లు” అందాం: ఆర్టోఫాన్ 2ఎం రెడ్ ఒంటికి బ్లూ ముల్లు పడుతుంది. ఆడియో టెక్నికా విఎం95 వరుసలో ఒకే ఒంటికి ఆ వరుసలోని ముళ్లన్నీ పడతాయి. “ఒళ్లు”, “ముల్లు” అని రెండు మాటలు పెట్టుకుంటే ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. “బాడీ” కన్నా నాకు ఒళ్లే నచ్చింది, అభ్యంతరం ఉంటే చెప్పండి.

ప్రశ్న వేసినవారు

ఒళ్లు బాగానే ఉంది. ఇంకో చిక్కు. “బరువు 2 గ్రాములు” అని ఒకచోట, “బరువు 6.1 గ్రాములు” అని ఇంకోచోట ఉంది. రెండూ ఒకే కార్ట్రిడ్జ్ గురించే.

జవాబు

రెండూ సరైనవే, మాట ఒక్కటే తక్కువైంది. 6.1 గ్రాములు కార్ట్రిడ్జ్ సొంత బరువు. 2 గ్రాములు ముల్లు రికార్డు మీద మోపే బరువు. “మోపే బరువు” అని స్థిరపరచండి. “ముల్లు బరువు” అంటే ముల్లును త్రాసులో వేసి తూచినట్టుంటుంది. “ఒత్తిడి” కూడా వద్దు, దానికి గ్రాములు నప్పవు.

సర్దే పద్ధతి ఇలా రాయొచ్చు: యాంటీ స్కేటింగ్ (తిరిగే రికార్డు టోన్ఆర్మ్‌ను లోపలికి లాగకుండా బయటికి లాగే ఏర్పాటు) సున్నాకు పెట్టి, ముల్లు తొడుగు తీసి, టోన్ఆర్మ్ అటూ ఇటూ మొగ్గకుండా గాలిలో తేలే దాకా వెనక గుండును తిప్పాలి. తేలాక గుండును కదపకుండా, దాని ముందున్న అంకెల వలయాన్ని మాత్రమే సున్నాకు తిప్పాలి. ఇక్కడ గుండు కూడా తిరిగిపోవడం చాలామందికి జరిగేదే. అప్పుడు అంకె సరిగ్గానే కనిపిస్తుంది, బరువు మాత్రం తప్పు. తర్వాత గుండూ వలయమూ కలిపి తిప్పుతూ 2కు తేవాలి. యాంటీ స్కేటింగ్‌నూ మొదట అదే అంకెకు పెట్టి చూడాలి. చిన్న డిజిటల్ త్రాసుతో సరిచూసుకునేటప్పుడు దాని పళ్లెం రికార్డు ఎత్తులోనే ఉండాలి.

తయారీదారు 1.8 నుంచి 2.2 అంటే 1.8 కన్నా కిందికి పోవద్దు. “తక్కువ మోపితే రికార్డు తక్కువ అరుగుతుంది” అన్నది పాత భ్రమ. తేలికైన ముల్లు గాడి గోడను వదిలి, మళ్లీ దబ్బున తగులుతుంది. ఆ దెబ్బలే గోడను చిట్లిస్తాయి.

మరొకరు

దీన్ని “గాడి తప్పడం” అని రాశారు ముసాయిదాలో. నాకు ఒప్పదు. గాడి తప్పడమంటే ముల్లు పక్క గాడిలోకి దూకడం. ఇక్కడ ముల్లు గాడిలోనే ఉంది, గోడకు ఆనడం లేదు. “గోడ వదలడం” అంటే సరిపోతుంది. దాని గుర్తు కూడా వేరు: పాటలో స, శ అక్షరాల దగ్గర ఉమ్మినట్టు చిట్లుతుంది, ముఖ్యంగా రికార్డు లోపలి అంచు దగ్గర. కారణాలు వరుసగా చూడాలి: మొనకు పట్టిన దుమ్ము, మోపే బరువు, కార్ట్రిడ్జ్ కూర్చున్న కోణం, చివరగా అరిగిన మొన. దుమ్మును బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవాలి. అడ్డంగా తుడిస్తే కడ్డీ వంగుతుంది.

మన “అరిగిపోయిన రికార్డు” జాతీయం సంగతి కూడా పనిలో పనిగా. అరిగిన రికార్డు పాడిందే పాడదు, గరగరలాడుతుంది. పాడిందే పాడేది గీత పడ్డ రికార్డు, లేదా యాంటీ స్కేటింగ్ మరీ ఎక్కువై ముల్లు వెనక్కి, బయటి గాడికి దూకే రికార్డు. లోపలికి దూకితే చరణం ఎగిరిపోతుంది. జాతీయాన్ని దిద్దమని కాదు. వాడుక పుస్తకంలో మాత్రం పాడిందే పాడటం, చరణం ఎగరడం అనే ఈ రెండు లోపాలకూ “అరిగింది” అన్న మాట వాడొద్దు.

మొన ఎంతకాలానికి అరుగుతుందన్నది ఆకారాన్నిబట్టి ఉంటుంది. ఆడియో టెక్నికా తన ముళ్లకు చెప్పే లెక్క: గుండ్రటి మొనకు 500 గంటలు, అండాకారానికి 300, గాడి గోడకు మరింత మేర ఆనేలా చెక్కిన షిబాటాకు 800, మైక్రోలీనియర్‌కు 1000.

జవాబు (కార్ట్రిడ్జ్ మార్చే పేజీ గురించి)

ముసాయిదాలో ఆ పేజీ మరీ క్లుప్తంగా ఉంది. చేర్చాల్సినవి చెబుతాను.

ముల్లు ఊడే రకమైతే పని మొదలుపెట్టకముందే దాన్ని తీసి పక్కన పెట్టాలి. ఉక్కు స్క్రూడ్రైవర్‌ను కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం లాక్కుంటుంది, జారితే ముల్లు పోతుంది. తీగలను రంగు తొడుగు దగ్గర కాదు, చివరనున్న లోహపు గొట్టాన్ని సన్న చిమటాతో పట్టుకొని తీయాలి. తెలుపు ఎడమ పాజిటివ్, నీలం ఎడమ నెగటివ్, ఎరుపు కుడి పాజిటివ్, ఆకుపచ్చ కుడి నెగటివ్. ఒక వైపు రెండు తీగలు తారుమారైతే గొంతు మధ్యలో నిలవదు, కింది స్వరాలు పలచబడతాయి. గొట్టం వదులైతే కొంచెం నొక్కాలి. పిన్నుకు తగిలించి ఉండగా సోల్డర్ చేయకూడదు, వేడికి లోపలి అతుకు విడిపోతుంది.

స్క్రూ రంధ్రాల మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, స్క్రూలు ఎం2.5. కొన్ని ఒళ్లకు మర ఉంటుంది, కొన్నిటికి నట్లు కావాలి, ఆ సంగతి కొనేముందే చూడాలి. మొదట కార్ట్రిడ్జ్ కదిలేంత వదులుగా బిగించి, ముల్లు తిరిగి పెట్టి, కాగితపు ప్రొట్రాక్టర్ (చుక్కలూ గీతలూ అచ్చేసిన కొలత పటం) మీద సర్దాలి. టోన్ఆర్మ్ వంపుగా తిరుగుతుంది కాబట్టి ముల్లు గాడికి తిన్నగా ఉండేది రెండు చోట్లే. బేర్వాల్డ్ అనే వాడుక లెక్కలో అవి కేంద్రం నుంచి 66 మిల్లీమీటర్లు, 120.9 మిల్లీమీటర్లు. ఆ రెండు చుక్కల దగ్గరా కడ్డీ గీతకు సమంగా వచ్చే దాకా ముందుకూ వెనక్కూ జరపాలి. ఒంటి అంచును చూసి కాదు, కడ్డీని చూసి. అది వచ్చాక స్క్రూలు చెరికొంత చొప్పున బిగించాలి, ఒకేసారి ఒకటి బిగిస్తే కోణం జరుగుతుంది. చివర మోపే బరువు మళ్లీ సర్దాలి.

పీ-మౌంట్ (టోన్ఆర్మ్‌లోకి నేరుగా గుచ్చే) రకానికి ఈ పేజీ అక్కర్లేదు. పక్కనున్న ఒక్క స్క్రూ తీసి గుచ్చితే చాలు, మోపే బరువు కూడా 1.25 గ్రాములకు ముందే కుదిర్చి ఉంటుంది.

ప్రశ్న వేసినవారు

చాలా స్పష్టమైంది. ఏ టోన్ఆర్మ్‌కు ఏ కార్ట్రిడ్జ్ అనే చోట “కాంప్లయెన్స్” (కడ్డీ ఎంత తేలిగ్గా ఊగుతుందో చెప్పే అంకె) ఉంది. “సాగుడు” అనొచ్చా?

జవాబు

రబ్బరు సాగడంలా ఉంటుంది. “మెత్తదనం” అనండి, అంకెతో కలిపి. టోన్ఆర్మ్ ప్రభావ ద్రవ్యరాశి (కదిలేటప్పుడు ముల్లుకు తోచే బరువు) 12 గ్రాములు, కార్ట్రిడ్జ్ 6, స్క్రూలు 1, మొత్తం 19. మెత్తదనం 15 అయితే 19ని 15తో గుణించి, వర్గమూలం తీసి, 159ని దానితో భాగిస్తే ఆ జత సొంతంగా ఊగే వేగం (అనునాదం) సుమారు 9.4 హెర్ట్జ్ వస్తుంది. 8 నుంచి 12 మధ్య ఉంటే జత కుదిరినట్టే. అంతకన్నా కిందికి పోతే వంకర తిరిగిన రికార్డు మీద టోన్ఆర్మ్ ఊగుతుంది. ఒక జాగ్రత్త: జపాన్ కంపెనీలు కొన్ని మెత్తదనాన్ని 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి ఇస్తాయి. ఈ లెక్కకు 10 హెర్ట్జ్ దగ్గరిది కావాలి, అది సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది.

మరొకరు

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులకు “78 ముల్లు” అని విడిగా ఒక పేరు పెట్టడం మరవొద్దు. ఎల్పీ గుండ్రటి మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు, 78 రికార్డుకు 65 నుంచి 75. ఎల్పీ ముల్లును 78 మీద పెడితే గోడలకు ఆనకుండా గాడి అడుగున గరగరలాడుతూ పోతుంది. పాత సెరామిక్ కార్ట్రిడ్జ్‌లలో చిన్న మీట తిప్పితే రెండు మొనలూ మారేవి. అక్కడ మాత్రం “ముల్లు తిప్పండి” అనే రాయాలి, “మార్చండి” కాదు.