పర్లాకిమిడిలో 350 మందికి పెళ్లి భోజనం: ప్లేటు లెక్కన ఇచ్చేయాలా, సరుకులు కొని వంటమేస్త్రిని పెట్టుకోవాలా?

మహేంద్రతనయ:
నమస్కారమండీ. ఆడపెళ్లివారి తరఫున అడుగుతున్నాను. మాఘంలో పెళ్లి, పర్లాకిమిడిలోనే. పగలు పదిన్నరకి ముహూర్తం. మగపెళ్లివారు టెక్కలి నుంచి రెండు బస్సుల్లో వస్తారు. బంగారం, బట్టలు పక్కన పెడితే అన్నిటికీ కలిపి 3 లక్షలు. మండపం, పందిరి, పురోహితుడు, మేళం, ఫొటోలు పోను భోజనాలకి లక్ష దాటితే కష్టం. కేటరింగువారు మధ్యాహ్నం భోజనం ప్లేటుకి 220, పొద్దుట టిఫినుకి 70 చెప్పారు. భోజనానికి 350 మంది, టిఫినుకి 200 అని అంచనా. "సరుకులు మనమే కొని మేస్త్రిని పెట్టుకుంటే సగంలో తేలిపోద్ది" అని పెద్దవాళ్లు, "ఆ రోజు ఆ తలనొప్పి వద్దు" అని పిల్లలు. ఏది నయమో లెక్క వేసి చెప్పండి.

లెక్కల మాస్టారు:
సగంలో తేలదమ్మా, ఆ ఆశ ముందు వదులుకోండి. పాతిక శాతం పైన మాత్రం మిగులుతుంది. భోజనం వరకే చూద్దాం. ధరలు నేను ఉజ్జాయింపుగా వేస్తున్నాను, మీ కొట్లో అడిగి మార్చుకోండి. కొలతలు మాత్రం పెద్దగా మారవు.

తెల్లన్నానికి వంద మందికి 11 కిలోల సన్నబియ్యం, పులిహోరకి 4 కిలోలు. 350 మందికి 53 కిలోలు, 55 అనుకోండి. కందిపప్పు ముద్దపప్పుకి వందకి రెండున్నర కిలోలు, సాంబారుకి రెండు, మొత్తం 16 కిలోలు. వంకాయ కూరకి 28 కిలోల కాయలు, వేపుడుకి 28 కిలోల దుంపలు. సాంబారు ముక్కలు, పచ్చడి, ఉల్లి, మిర్చి, అల్లం కలిపితే కూరగాయలు 90 కిలోలకి వస్తాయి. పెరుగుకి మనిషికి నూరు మిల్లీలీటర్ల పాలు, అంటే 35 లీటర్లు, పైన ఒక అయిదు. నూనె 15 కిలోల డబ్బాలు రెండు. నెయ్యి 3 కిలోలు. బూరెలకి శనగపప్పు 8 కిలోలు, బెల్లం 8 కిలోలు. 19 కిలోల గ్యాసు బండలు మూడు. చింతపండు, దినుసులు, పలాస జీడిపప్పు, అప్పడాలు, విస్తళ్లు కూడా కలుపుకుంటే సరుకు 32 వేల పైచిలుకు.

మేస్త్రి జట్టుకి 13 వేలు, పదిమంది వడ్డన కుర్రాళ్లకి 6 వేలు, గుండిగలు మూకుళ్ల అద్దె 4 వేలు, ఆటోలకి 2 వేలు, కడుగుడుకి ఒకటిన్నర. అంతా కలిపి 59 వేలు. ప్లేటు లెక్కన 350 ఇంటూ 220 అంటే 77 వేలు, మీద 5 శాతం జీఎస్టీతో 80,850. తేడా దగ్గర దగ్గర 22 వేలు.

పందిరిరాట:
మాస్టారూ, మీ కొలతలతో పేచీ లేదు. కానీ ఆ కొలతల ప్రకారం సరుకు కొనేది ఎవరు? మేస్త్రి ఇచ్చే చిట్టా ఎప్పుడూ అవసరానికి పావు వంతు ఎక్కువే ఉంటుంది. అది దొంగబుద్ధి అనుకోనక్కర్లేదు. కూర తరిగిపోతే మాట పడేది అతనే కాబట్టి ఎక్కువ రాస్తాడు. ఫలానా కొట్లోనే తెమ్మన్నాడంటే మాత్రం అక్కడ కమిషన్ ఉందనే అర్థం.

రెండో సంగతి మనుషులు. కేటరింగువాళ్లతో బల్లలు, బల్లల మీద గుడ్డలు, బక్కెట్లు, చేతులు కడిగే చోటు, మంచినీళ్ల డబ్బాలు, ఎంగిలాకులు తీసేవాళ్లు అందరూ వస్తారు. సొంత వంటలో ఇవన్నీ చూడడానికి ఇంటి మగవాళ్లు ఇద్దరు తెల్లవారుజామున నాలుగింటి నుంచి వంటశాల దగ్గరే ఉండాలి. పిల్ల మేనమామ జీలకర్ర బెల్లం వేళకి గ్యాసు బండ మారుస్తూ నిలబడ్డాడంటే ఆ 22 వేలు మిగిలాయని నేను ఒప్పుకోను. డబ్బు తక్కువైన పెళ్లి అందంగా ఉండాలంటే ముందు ఇంటివాళ్లు పీటల దగ్గర ఉండాలి.

అడ్డాకు:
ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారు. సొంత వంట చెడేది పొయ్యి దగ్గర కాదండీ, ఉగ్రాణం దగ్గర, అంటే సరుకులు పెట్టే గది దగ్గర. ఉగ్రాణానికి ఒక మనిషి, ఒక తాళం, ఒక తక్కెడ, ఒక నోటుపుస్తకం ఉండాలి. ఆ మనిషి దగ్గరి బంధువు కాకపోతే మరీ మంచిది. పీటల మీద కూర్చునేవాళ్లని, కాళ్లు కడిగేవాళ్లని అక్కడ కూర్చోబెట్టకండి. లెక్క తెలిసిన ఇరుగుపొరుగు చాలు. సరుకు ఒక్కసారి ఇవ్వకూడదు. మేస్త్రి అడిగినప్పుడల్లా తూచి ఇచ్చి రాసుకోవాలి. రెండో నూనె డబ్బా మొదటిది అడుగంటాకే మూత తీయాలి. కొట్టువాడితో కొనేటప్పుడే "విప్పని బస్తా, విప్పని డబ్బా వాపసు" అని చీటీ మీద రాయించుకోండి. అలాగైతే చిట్టాలో పావు వంతు ఎక్కువున్నా నష్టం రాదు.

అన్నం సంగతి కాస్త వివరంగా చెప్తాను. ఎక్కువ వృథా అయ్యేది అదే. 38 కిలోలూ ఒకేసారి వార్చేస్తే చివరి బంతికి అన్నం ముద్దైపోద్ది. పదకొండున్నరకి 20 కిలోలు దిగాలి. మొదటి బంతి కూర్చోగానే మరో 10 కిలోలు ఎసట్లో పోయాలి. బియ్యం అరగంట నాని ఉంటే, ఎసరు తెర్లుతుంటే, పావుగంట ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది. ఆఖరి 8 కిలోలు మాత్రం విస్తళ్లు లెక్కబెట్టి, ఇంకా తినాల్సినవాళ్లు ఎంతమందో చూశాకే. గంజి వార్చిన అన్నం గుండిగలో మూతపెట్టి వదిలేయకూడదు. పైబరువుకి అడుగు అన్నం చితికిపోతుంది, ఆవిరి బయటికి పోక రెండు మూడు గంటల్లో జిగురు పట్టి వాసన మొదలవుతుంది. వెదురు తట్టల్లో ఉతికిన పంచె పరిచి నాలుగు వేళ్ల మందాన ఆరబోయాలి. ఆ 8 కిలోలు వండే పని పడకపోతే బియ్యంగానే ఇంటికి వెళ్తాయి.

మాఘం కాబట్టి పెరుగు జాగ్రత్త. మన ఏజెన్సీ గాలికి రాత్రి చలి గట్టిగా ఉంటుంది. వేసవిలో మాదిరి రాత్రి తొమ్మిదింటికి తోడు పెడితే పొద్దుటికి నీళ్లపాలే. సాయంత్రం ఆరుకల్లా, పాలు వేలికి గోరువెచ్చగా తగులుతుండగా తోడు వేసి, క్యాన్లని గోనెసంచులతో చుట్టి ఊకలో దించండి.

విస్తళ్లకి అడ్డాకులే తీసుకోండి. ఒడియావాళ్లు సియాలి అనే ఆకు ఇదే. కుట్టినవి కట్టలుగా దొరుకుతాయి. ముందురోజు నీళ్లు చిలకరించి గోనె కింద ఉంచకపోతే మడతల దగ్గర పెళపెళ విరిగి సాంబారు కారిపోతుంది.

బరంపురం కోడలు:
మాస్టారూ, పందిరిరాట అన్నా, మీరిద్దరూ 350 అన్న అంకెని పట్టుకునే వాదిస్తున్నారు. నేను ఆ అంకెనీ, రకాలనీ ప్రశ్నిస్తాను. 350లో 60 మంది తగ్గితే ప్లేటు లెక్కన 13 వేల పైన తగ్గిపోతుంది. శుభలేఖ మీద "సకుటుంబ సపరివార సమేతంగా" అని అందరికీ ఒకటే వేసి, తర్వాత తలలు ఊహించుకుంటే అంకె ఎప్పటికీ తేలదు. పెళ్లికి నాలుగు రోజుల ముందు ఇంటింటికీ ఫోన్ చేసి "ఎంతమంది వస్తున్నారండీ" అని అడగడంలో తప్పేమీ లేదు. వడ్డన ఏర్పాటుకని చెప్తే ఎవరూ నొచ్చుకోరు.

రకాల విషయానికొస్తే, పదిహేను రకాల విస్తరిలో సగం ఎంగిలిలోకే పోతాయి. పులిహోర, బూరె, ముద్దపప్పు నెయ్యి, వంకాయ కూర, ఒక వేపుడు, సాంబారు, అప్పడం, పెరుగు, వీటితో విస్తరి నిండుగా ఉంటుంది. మీ దగ్గర ఒడియా స్నేహితులు, చుట్టాలు తప్పక ఉంటారు. రోటిపచ్చడి తీసేసి టమాటా ఖర్జూరం ఖట్టా, అంటే ఒడియావాళ్ల తీపి పుల్లని పచ్చడి పెట్టండి. వందమందికి 4 కిలోల టమాటా, అరకిలో ఖర్జూరం, కిలో బెల్లం, పంచ్ ఫుటాన పోపు. అందులో జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్ల జీలకర్ర ఉంటాయి. ఖర్చు పచ్చడంతే. బయటివాళ్లకి మర్యాద చేసినట్టు, మనవాళ్లకి కొత్త రుచి పెట్టినట్టు. సాంబారు తీసేసి దాల్మా పెట్టమని కూడా అంటారు కొందరు. నేను వద్దంటాను. ముద్దపప్పు పక్కన ఇంకో పప్పు వంటకం దండగ, ముద్దపప్పే తీసేస్తే టెక్కలి వియ్యాలవారు నొచ్చుకుంటారు.

టిఫిను మాత్రం సొంతంగా వద్దు. పొయ్యిలన్నీ భోజనానికి కావలసిన వేళ అది. తప్పదంటే ఉప్మా ఒక్కటే. వందకి 6 కిలోల బొంబాయి రవ్వ, 18 లీటర్ల నీళ్లు.

మహేంద్రతనయ:
అక్కా, ఖట్టా మాట ఇంట్లో అందరికీ నచ్చింది. రెండు సందేహాలు. బూరెలు నూనెలో విచ్చిపోతాయని మేస్త్రులు భయపెడుతున్నారు, లడ్డూయే మేలా? రెండోది, సరుకు ఆంధ్ర వైపున్న పాతపట్నంలో కొంటే రాష్ట్రం దాటించి ఒడిశాలోకి, మా ఊరికి తేవడంలో ఇబ్బంది ఉంటుందా?

అడ్డాకు:
బూరె విచ్చేది రెండు కారణాలకి. పూర్ణంలో తడి ఎక్కువున్నా, పూర్ణం ముంచే తోపుపిండి పల్చనైనా. శనగపప్పు పలుకు మీద ఉండగానే దించి, నీళ్లు పూర్తిగా వార్చి, బెల్లం కలిపాక గంటెకి అంటుకోకుండా ముద్ద కట్టేదాకా పొయ్యి మీదే తిప్పాలి. పూర్ణం ముందురోజు రాత్రే ఉండలు చేసి పెడితే పైన ఆరి గట్టిపడుతుంది. తోపు వేలిని ముంచితే కప్పేసేంత చిక్కగా ఉండాలి. కిలో పప్పు, కిలో బెల్లానికి అరవై డెబ్బై బూరెలు అవుతాయి కాబట్టి 8 కిలోలకి 500 తేలిగ్గా వస్తాయి. లడ్డూ రెండు రోజుల ముందు చేసుకోవచ్చు, అదొక్కటే దాని సుఖం. కిలో శనగపిండికి రెండు కిలోల దాకా చక్కెర పాకం, నూనె అదనం. ఖర్చు బూరెకంటే తక్కువేమీ కాదు. విస్తరిలో వేడి బూరె మీద నెయ్యి వేస్తుంటే వచ్చే కళ లడ్డూకి రాదు. నా ఓటు బూరెకే.

లెక్కల మాస్టారు:
పాతపట్నం గురించి. సరుకు విలువ 50 వేలు దాటితేనే ఈ-వే బిల్లు, అంటే జీఎస్టీ కింద సరుకు రవాణాకి తీసుకునే పత్రం. మీది 32 వేలు, కొట్టు బిల్లు దగ్గర ఉంచుకుంటే చాలు. అయితే బియ్యం, పప్పు, నూనె వరకే అక్కడ చూడండి. కూరగాయలు, పాలు ఊళ్లోనే. కిలోకి రెండు మూడు రూపాయల తేడా ఆటో కిరాయికే సరిపోద్ది.

తోరణం:
వంట గొడవలో పందిరి మర్చిపోకండి. భోజనంలో మిగిలేది అక్కడ పెడితే పెళ్లికి కళ వస్తుంది. థర్మోకోల్ అలంకరణ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం, ఎవరైనా తెస్తామన్నా వద్దనండి. గెలలతో ఉన్న అరటిబోదెలు నాలుగు మూలలా, మామిడి తోరణం, కొబ్బరాకు పందిరి, పీటల వెనక ఒక్క గోడకే ఒత్తుగా బంతిపూల దండలు. హాలంతా పల్చగా పరిచే కంటే ఫొటోలో పడే ఆ ఒక్కచోటే నిండుగా కడితే తక్కువ పూలతో అందం. బంతిపూలు ముందురోజు సాయంత్రం గుచ్చి తడిగుడ్డ కప్పి ఉంచితే ముహూర్తానికి వాడవు. నీళ్లలో నానబెడితే తొడిమ కుళ్లి రేకలు రాలతాయి.

మహేంద్రతనయ:
కొత్త చిక్కు వచ్చింది. మండపంవాళ్లు బయటి మేస్త్రి వండితే వంటశాలకి 8 వేలు అదనం అంటున్నారు. కేటరింగుకైతే వసూలు చేయరట. ఇప్పుడేం చేయమంటారు?

పందిరిరాట:
చూశారా, ఇలాంటివే నేను చెప్పింది. ఇక తేడా 14 వేలు. దానికోసం ఇద్దరు మనుషుల పెళ్లి చూపు పోగొట్టుకోవద్దు.

లెక్కల మాస్టారు:
14 వేలంటే 3 లక్షల పెళ్లిలో మేళం ఖర్చు బాబూ, తేలిగ్గా తీసేయకండి. ఇప్పుడు ఇలా చేయండి. సొంత వంట 59 వేలకి 8 వేలు కలిపితే 67 వేలు. 350తో భాగిస్తే మనిషికి 191. కేటరింగు రేటు మీద పడే 5 శాతం జీఎస్టీ తీసేస్తే 182. కేటరింగు మనిషి దగ్గరికి బరంపురం కోడలు చెప్పిన రకాలతో వెళ్లండి. అతని 220లో రెండో స్వీటు, ఐస్‌క్రీమ్, రోటీ, ఫ్రైడ్ రైస్ ఉండే ఉంటాయి. అవి కొట్టేసి 182కి దిగితే అతనికే ఇచ్చేయండి. 195 దగ్గర ఆగినా ఇచ్చేయొచ్చు. తేడా 5 వేల లోపే, పందిరిరాట బాబు చెప్పిన నిమ్మళం ఆ డబ్బుకి వస్తుంది. 200 దాటితే మేస్త్రే. ఉగ్రాణానికి మనిషి దొరికితేనే సుమండీ. దొరక్కపోతే 220 అయినా ప్లేటుకే వెళ్లండి.

పందిరిరాట:
దీనికి నేనూ ఒప్పుకుంటాను. ప్లేటుకే ఇస్తే ఒప్పందం కాగితం మీద ఉండాలి. కనీస హామీ 300 రాయించండి, 350 కాదు. పైన వచ్చినవాళ్లకి వచ్చినంతే అని, 350 దాకా అన్నం తగ్గకూడదని అందులోనే ఉండాలి. విస్తళ్లు మీరే కొని వందేసి కట్టలుగా లెక్కపెట్టి ఇవ్వండి, వాడనివి వెనక్కి తీసుకుంటే ప్లేట్ల గొడవ ఉండదు. అయిదేళ్ల లోపు పిల్లలు, బస్సు డ్రైవర్లు, మేళంవాళ్లు, అతని వడ్డనవాళ్లు లెక్కలోకి వస్తారా రారా అన్నది ముందే తేల్చండి. మంచినీళ్లు, జీఎస్టీ ఆ ప్లేటు రేటులోనే కలిసి ఉన్నాయా అని అడగండి. అడ్వాన్సు పావు వంతు, వంట సామాను దిగాక సగం, మిగతాది చివరి బంతి లేచాక.