ఫాంటమ్ పేరున్న మూడింటిని ఫొటో తీయడం ఎలా?

ప్రశ్న: అమెరికాలోని ఆరిగన్‌లోని క్రేటర్ లేక్‌లో ఓడలా నిలిచిన ఫాంటమ్ షిప్ దీవి, 1958లో తొలిసారి ఎగిరిన ఎఫ్-4 ఫాంటమ్ యుద్ధవిమానం, 1925లో మొదలైన రోల్స్ రాయిస్ ఫాంటమ్ కార్లు, ఈ మూడింటితో ఒక ఫొటోల వరుస చేయాలనుకుంటున్నాను. ఒకే లెన్సు సరిపోతుందా?

జవాబు 1: సరిపోదండి. ఎగిరే విమానానికి 400 మిల్లీమీటర్ల లెన్సు, సెకనులో వెయ్యోవంతు షట్టర్ వేగం పెట్టుకోండి. రెక్కల కొసలు పైకి వంగి, తోక రెక్కలు కిందికి వాలిన ఆ రూపం ఎదురుగా వస్తున్నప్పుడే స్పష్టంగా తెలుస్తుంది.

జవాబు 2: అసలు కష్టం కారు దగ్గరే. నిగనిగలాడే రేడియేటర్‌లో మీరూ మీ కెమెరా కూడా కనబడతారు కాబట్టి, కాస్త పక్కకు జరిగి, మబ్బు పట్టిన వేళ తీయండి. పోలరైజర్ (ప్రతిబింబాలను తగ్గించే లెన్సు ఫిల్టర్) కారు పెయింటు మీద, అద్దాల మీద బాగా పనిచేస్తుంది గానీ, మెరిసే లోహం మీద అంతగా పనిచేయదు.

జవాబు 3: దీవి కొన్ని వెలుగుల్లో వెనకనున్న కొండగోడలో కలిసిపోతుంది. పక్కనుంచి ఎండ పడేదాకా ఆగండి.