బడి ప్రత్యేక సంచికలో మనుషుల పరిచయాలు: కులం, తెగ రాయాలా, వద్దా?

ప్రశ్న: పెన్న ఒడ్డు (అనంతపురం)

మా మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలకు డెబ్బై అయిదేండ్లు నిండుతున్న సందర్భంగా పూర్వ విద్యార్థులమంతా కలిసి ఒక ప్రత్యేక సంచిక వేయాలని అనుకున్నాము. ఆ బడిలో చదువుకొని పేరు తెచ్చుకొన్నవారిని గురించి తలా ఒక పుట చొప్పున పరిచయాలు సిద్ధం చేసే పని నా మీద పడింది. వారిలో వైద్యులున్నారు, ఇంజనీర్లున్నారు, బుర్రకథ చెప్పిన ఒక కళాకారుడున్నాడు, సైన్యంలో పనిచేసి వచ్చినవారున్నారు. కొందరు ఇప్పుడు లేరు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, సంపాదకవర్గంలో ఒక పెద్దాయన పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఊరు రాసిన వరుసలోనే ప్రతి ఒక్కరి కులం కూడా ఉండాలంటున్నారు. మన సీమలో కులం తెలియకుండా మనిషి ఎట్లా అర్థమవుతాడన్నది ఆయన వాదన. ఇంకొకాయన ఏ పుటలోనూ కులం ఊసే రాకూడదని, వస్తే తాను తప్పుకుంటానని కూర్చున్నారు. ఇద్దరి మధ్య తయారైన చిత్తుప్రతిలో మాత్రం సుగాలి తండా నుండి వచ్చిన డాక్టరుగారిని ‘గిరిజన వైద్యుడు’ అనీ, బడి పక్క వీధిలో పెరిగిన కవిగారిని ‘ముస్లిం కవి’ అనీ రాసి ఉంది. వారి పక్క పుటల్లోని ఇంజనీరుగారు ఉత్త ఇంజనీరుగానే, కర్నల్‌గారు ఉత్త కర్నల్‌గానే ఉన్నారు. ఇది నాకు సరిగా తోచలేదు, కానీ ఎందుకు సరికాదో ఆ ఇద్దరికీ ఒప్పించేటట్టు చెప్పలేకపోతున్నాను. ఇట్లాంటి రాతపని చేసిన అనుభవం ఉన్నవారు మీ అభిప్రాయం చెప్పగలరు.

జవాబు: గండికోట (కడప)

అయ్యా, నేను చాలాకాలం ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి మానుకొన్నవాణ్ణి. మీరు అడిగినదానికి పత్రికల్లో కొంతవరకు స్థిరపడిన సమాధానం ఉంది. వ్యక్తి కులాన్ని పేర్కొనడం సాధారణంగా మానుకోవాలనీ, ఆ సందర్భంలో అది ఆ కులాన్ని చిన్నబుచ్చేదైతే మరీ జాగ్రత్తపడాలనీ, నేరవార్తలో నిందితుణ్ణి గానీ బాధితుణ్ణి గానీ నేరంతో సంబంధం లేనప్పుడు కులం పేరుతో వర్ణించరాదనీ భారత ప్రెస్ కౌన్సిల్ పాత్రికేయులకు ఇచ్చిన ప్రవర్తనా నియమాల్లో ఉంది.

నియమం ఉన్నంత మాత్రాన అది నడుస్తున్నదని కాదు. పోలీసులు ఇచ్చే ప్రెస్ నోటులో నిందితుని పేరు, తండ్రి పేరు, వయసు, కులం, వృత్తి, నివాసం అన్నీ ఒకే గుక్కలో వస్తాయి, ఎందుకంటే ఫిర్యాదు కాగితాల్లో ఉన్న వరుసనే ఎత్తి నోటులో దించుతారు. విలేఖరి దాన్ని ఉన్నదున్నట్టు పంపుతాడు. డెస్కులో కూర్చున్న ఉపసంపాదకుడు మొట్టమొదట చేయవలసిన పని ఆ కులం ముక్కను కొట్టివేయడం. పేజీ వదిలే వేళ ఆ పని జరగని రాత్రులూ ఉంటాయి, పొద్దున చదివేవారికి ఆ ముక్కే ముందు కనబడుతుంది.

దాని ఫలితం ఎంతదాకా పోతుందో 2018 మే నెలలో చూశాము. ‘పార్థీ గ్యాంగు’ తిరుగుతున్నదని వాట్సాప్‌లో వదంతులు పుట్టి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊళ్ళకు కొత్తగా వచ్చినవారిని, మతిస్థిమితం లేనివారిని జనం పట్టుకొని కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. పార్థీ అన్నది ముఠా పేరు కాదు, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ వైపు నివసించే ఒక తెగ పేరు. 1871లో ఆంగ్లేయులు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే దొంగలుగా జమకట్టింది, తరువాత మద్రాసు రాజధానికీ వ్యాపించి మన ఎరుకలవారిని కూడా ఠాణాలో వేలిముద్రలు వేసి హాజరు చెప్పుకొనేటట్టు చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. పత్రికల శీర్షికల్లో మాత్రం తెగ పేరు, దొంగతనం ఇప్పటికీ జంటగానే నడుస్తున్నాయి.

అట్లని పూర్తిగా మూసిపెట్టడం కూడా కుదరదు. షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టం (1989) కింద నమోదైన కేసులో బాధితుని కులం, నిందితుని కులం రాయకపోతే అసలు ఏమి జరిగిందో పాఠకునికి తెలియదు, అక్కడ కులమే వార్త. నా మటుకు నేను పాటించిన పద్ధతి ఏమిటంటే, కులం మాట తీసివేసి వాక్యం చదువుతాను. విషయంలో ఏ లోటూ కనబడకపోతే దాన్ని అక్కడే వదిలేస్తాను.

మీ చిత్తుప్రతిలో నాకు కనబడే దోషం కులం రాయడం కాదు, కొందరికే రాయడం. ఆ డాక్టరుకు ‘గిరిజన’ అని రాసి ఇంజనీరుకు ఏమీ రాయకపోతే, ఇంజనీరు మామూలు మనిషనీ, డాక్టరు ఏదో మినహాయింపనీ చెప్పినట్టవుతుంది.

జవాబు: తుంగభద్ర (కర్నూలు)

గండికోట గారు చెప్పినది వార్తల విషయంలో సబబే గాని, జీవితచరిత్రకు అదే కొలత పెడితే నష్టపోతామని నా అభిప్రాయం. మా కర్నూలు దగ్గరి పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్యగారు 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఈ దేశంలో ముఖ్యమంత్రి పదవిలో కూర్చొన్న తొలి దళితుడాయన. ఆ ఒక్క మాట మర్యాద పేరుతో తీసివేస్తే, 1962 మార్చి దాకా రెండేండ్ల చిల్లర పదవిలో ఉండి దిగిపోయిన ఒకానొక ముఖ్యమంత్రిగా మిగులుతారు తప్ప, ఆయన ఎక్కివచ్చిన మెట్లు ఏమిటో ఈ తరం పిల్లలకు తెలియవు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి వారి శిష్యుడు సిద్దయ్య సంగతీ అంతే. ఆయన ముస్లింలలోని దూదేకుల కుటుంబంలో పుట్టినవాడని చెప్పకుండా ఆ కథ చెప్పి చూడండి, నవాబు దగ్గరికి ఫిర్యాదు ఎందుకు పోయిందో, శిష్యుణ్ణి ఎందుకు నిలదీశారో వినేవాడికి అంతుపట్టదు.

ఇంకొక సంగతి కూడా చూడాలి. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు అందరికీ తెలుసు. ఆయన వెంట పోరాడిన వడ్డె ఓబన్న పేరు ఆలస్యంగా గాని ప్రభుత్వ వేదికల మీదికి రాలేదు. ఇద్దరి పేర్లలోనూ కులం ఉంది. కులం వద్దన్న నియమం పట్టుకొని ఓబన్న పేరులోని మొదటి మాటను తీసివేసి, నరసింహారెడ్డి పేరును ముట్టుకోకుండా ఉంటే అది ఏ పాటి నియమం?

అయితే ఒక హద్దు నేనూ గీసుకొంటాను. సంజీవయ్యగారు తొలి దళిత ముఖ్యమంత్రి అనడం చరిత్ర. ఆయన నిజాయితీని మెచ్చుకొంటూ ‘దళితుడై ఉండి కూడా’ అని మొదలుపెట్టడం వెక్కిరింత. మెచ్చుకొంటున్నామనే భ్రమలో ఇట్లాంటి వాక్యాలు రాసేవారు సభల సావనీర్లలో కొల్లలు.

జవాబు: ఎర్రనేల (గుత్తి)

నేను సుగాలీల గురువు సేవాలాల్ మహారాజ్ జన్మస్థలంగా మావాళ్ళు కొలిచే సేవాగఢ్ చుట్టుపక్కల తండాలోనే పుట్టి పెరిగి, ఇప్పుడు ఒక కళాశాలలో ఆర్థికశాస్త్రం చెబుతున్నాను. ఏ సభకు పిలిచినా నా పరిచయం ‘గిరిజన బిడ్డ’ అనే మాటతో మొదలవుతుంది. నా పక్క కుర్చీలో ఉన్న ఆచార్యులను వారు రాసిన వ్యాసాల పేర్లతో పరిచయం చేస్తారు. మాట్లాడవలసింది కరువు గురించి, వేరుశనగ ధర గురించి అయినప్పుడు నా తెగ పేరు ఆ వేదిక మీదికి ఎందుకొచ్చిందో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

అయినా నేను ‘ఎవరికీ రాయవద్దు’ అంటున్న పెద్దమనిషి పక్షం తీసుకోలేను. ఆయన కలగనే సమానత్వం పేర్ల దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే రెడ్డి, నాయుడు, శెట్టి, శర్మ అన్నవి అచ్చు వేయగానే కులం చెప్పేసినట్టే. మావాళ్ళకు నాయక్, బాయి ఉండనే ఉన్నాయి. మీరు దాచినా దాగనిది ఒకటి, మీరు దాస్తే పూర్తిగా పోయేది ఒకటి ఉన్నాయి. కులం పేరు దాగదు. ఆ పుట్టుక వల్ల ఒక మనిషి పడిన పాటు మాత్రం దాస్తే పోతుంది.

ఆ డాక్టరుగారి సంగతికే వద్దాం. ‘గిరిజన వైద్యుడు’ అనే రెండు మాటలు ఆయన గురించి ఏమీ చెప్పవు. ఇంట్లో మా సుగాలీల భాష గోర్‌బోలి మాట్లాడి, బడిలో తెలుగులో పాఠం వినవలసివచ్చిన పిల్లవాడు మొదటి ఏడాది ఎట్లా నెట్టుకొచ్చాడు, ఎండాకాలంలో అమ్మానాన్న బెంగళూరికి కూలికి పోతే ఇంట్లో ఎవరున్నారు, హాస్టలులో సీటు ఎవరు చెప్పి ఇప్పించారు, తండాకు తారురోడ్డు పడేదాకా వాన కురిస్తే బడికి రావడం ఎట్లా అన్నవి అడిగి రాయండి. అప్పుడు సుగాలి అన్న మాట ఆ పుటలో ఒక్కసారి, తన చోట తాను వస్తుంది, పని చేస్తుంది. వైద్యం గురించి రాసే పేరాలో దాని అవసరం ఉండదు. ఎస్టీ కోటాలో సీటు వచ్చి ఉంటే దాన్ని దాచనక్కరలేదు గాని, పక్క పుటలోని ఇంజనీరుగారి చదువుకు వాళ్ళ నాయన ఎన్ని ఎకరాలు అమ్మాడో కూడా అడగండి. మావాళ్ళలో సుగాలి అనిపించుకోవడం ఇష్టపడేవారూ, బంజారా అనమనేవారూ, లంబాడీ అనేవారూ ఉన్నారు కాబట్టి ఆయనకు ఏది ఇష్టమో అదే వేయండి, ప్రభుత్వ జాబితా చూసి తేల్చవద్దు.

జవాబు: నల్లమల (నంద్యాల)

నేను ప్రధానోపాధ్యాయుడిని కాబట్టి నాకు ముందుగా తట్టిన ప్రశ్న వేరు. ప్రతి ఒక్కరి కులం వేయమంటున్న ఆ పెద్దాయనకు కులాల వివరాలు ఎక్కడ దొరికాయి? నాకు అనుమానమున్నట్టు బడి ప్రవేశ రిజిస్టరు నుండే అయితే దయచేసి ఆ దారి మూసివేయండి. ఆ రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మాతృభాష, పుట్టుమచ్చలు అన్నీ ఉంటాయి. కులం గడి నింపినది ఉపకారవేతనం కోసం, హాస్టలు కోసం, టీసీ రాయడం కోసం. ఆనాడు పిల్లవాని చేయి పట్టుకొని వచ్చిన తండ్రి ఆ వివరం బడికి చెప్పాడు, సంచిక చదివే ఊరందరికీ చెప్పలేదు. పుట్టుమచ్చలు ఎట్లాగూ అచ్చు వేయరు గదా, కులాన్ని కూడా అదే లెక్కలో పెట్టుకోండి.

రిజిస్టరు లేకపోతే మనవాళ్ళు పేరు చూసి ఊహిస్తారు, అది ఇంకా ప్రమాదం. మీ నార్పల మండలం గూగూడులో పీరైన కుళ్ళాయిస్వామిని కొలిచే హిందూ కుటుంబాలు పిల్లలకు కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అని పెట్టుకోవడం మీకు తెలియనిది కాదు. మా వైపు హుసేనప్పలు, దస్తగిరులు, పక్కీరప్పలు ఏ ఇంట్లో పుట్టినవారో పేరునుబట్టి చెప్పడం ఎవరి తరమూ కాదు, దేవుని దయవల్ల మన సీమ ఇంకా అట్లానే ఉంది. ఆంగ్ల వికీపీడియాలో కూడా, జీవించి ఉన్న వ్యక్తి తన కులం గురించి తానే చెప్పుకొని ఉంటే తప్ప రాయరాదనే కట్టుబాటు పెట్టుకొన్నారు. మీకూ అదే సరిపోతుంది.

పెన్న ఒడ్డు (అనంతపురం)

అందరికీ నమస్కారాలు. నల్లమల సారు ఊహించినదే నిజం, వివరాలు రిజిస్టరు నకలు నుండే వచ్చాయి, ఆ వరుసను మొత్తంగా తీసివేశాము. పెద్దాయన రెండు రోజులు అలిగి, ఓబన్న పేరు ప్రస్తావన చదివి వినిపించాక, కొంత మెత్తబడ్డారు. బతికి ఉన్నవారికి వారి పుట పంపి, ఏది ఉంచాలో ఏది తీయాలో వారినే చెప్పమన్నాము. కవిగారు ‘ముస్లిం’ అన్న మాట శీర్షికలో తీసి, తాను ఉర్దూ ఘజళ్ళు విని తెలుగు పద్యం వైపు వచ్చిన సంగతి దగ్గర ఉంచమన్నారు. డాక్టరుగారితో ఎర్రనేల మేడమ్ చెప్పిన ప్రశ్నలు అడుగుతున్నాను, ఒక పుట చాలేటట్టు లేదు.

మిగిలింది బుర్రకథ కళాకారుని పుట. ఆయన లేరు. ఊళ్ళో ఉన్న కొడుకు తమది బుడగ జంగాల కుటుంబమని తప్పకుండా వేయమంటున్నాడు, ఆ విద్య తమ కులానిదేనని ఆయన పట్టు. బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు వద్దంటున్నది, తన పిల్లల పేర్లు కూడా ఆ పుటలో ఉన్నాయి కాబట్టి. ఎవరి మాట వినాలి?

ఎర్రనేల (గుత్తి)

ఇక్కడ కులం కళలోనే ఉంది కాబట్టి కొడుకు మాటలో న్యాయముంది. తంబుర, గుమ్మెటలు తాత నుండి తండ్రికి, తండ్రి నుండి ఈయనకు వచ్చాయని, ఏ ఊళ్ళలో కథ చెప్పారో, చిన్నప్పుడు గుమ్మెట ఎవరి పక్కన కూర్చొని నేర్చుకున్నారో వివరంగా రాయండి. ఆయన బతికి ఉండగా కథ మొదట్లో తమను తాము జంగాలుగా చెప్పుకొని ఉంటే, విన్నవారు ఊళ్ళో ఉంటారు, వారిని అడిగి ఆయన మాటగానే వేయవచ్చు. అట్లాంటి ఆధారం దొరకకపోతే కూతురు ఒప్పుకునేదాకా కులం పేరు ఆపండి, మనవల పేర్లు ఎట్లాగూ తీసివేయండి, వాటితో బుర్రకథకు పని లేదు. ఆమెకు ప్రూఫు పంపేటప్పుడు అన్న చేత చెప్పించకుండా మీరే నేరుగా ఫోను చేసి మాట్లాడండి.