వీగిపోయిన బిల్లుల విలువెంత? ఐర్లాండ్ సెనేటర్ మేరీ రాబిన్సన్ మీద చర్చ

గోదారిగట్టు:
మేరీ రాబిన్సన్ 1969 నుంచి 1989 దాకా ఐర్లాండ్ ఎగువ సభ షానద్‌లో సెనేటర్. 1990లో ఆ దేశానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. గర్భనిరోధక సాధనాల మీద నిషేధాన్ని ఎత్తించింది సెనేట్‌లో ఆవిడ చేసిన పోరాటమేనని తరచూ రాస్తుంటారు. నేను ఒప్పుకోను. 1935 క్రిమినల్ చట్ట సవరణలోని 17వ సెక్షన్ వాటి అమ్మకాన్నీ దిగుమతినీ నేరంగా చేసింది. 1971లో రాబిన్సన్, జాన్ హోర్గన్, ట్రెవర్ వెస్ట్ కలిసి దాన్ని రద్దు చేసే బిల్లు పెట్టారు. ప్రవేశపెట్టడానికే సభ అనుమతి ఇవ్వలేదు. ఆవిడ రెండో బిల్లు 1974లో ఓడిపోయింది. దారి తెరిచింది 1973 డిసెంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు, మెగీ కేసు. చట్టం తెచ్చింది 1979లో ఆరోగ్య మంత్రి చార్లెస్ హాహి. ఈ రెండింటిలో సెనేటర్ ప్రసంగానికి ఎక్కడ చోటుంది? ఉందనేవాళ్లు ఆధారంతో చెప్పండి.

వసుధ_లా:
ముందు ఆ తీర్పు దేన్ని కొట్టేసిందో చూడాలండీ. మెగీ నలుగురు పిల్లల తల్లి. మళ్లీ గర్భం వస్తే ప్రాణాపాయమని డాక్టర్లు చెప్పారు. బయటి దేశం నుంచి తెప్పించుకున్న గర్భనిరోధక మందును కస్టమ్స్ పట్టుకుంది. దంపతుల ఏకాంత హక్కు రాజ్యాంగంలో ఇమిడే ఉందని కోర్టు 4-1తో తేల్చింది. అయితే కొట్టేసింది దిగుమతికి సంబంధించిన 17(3)ను మాత్రమే. అమ్మకం మీద నిషేధం అలాగే నిలిచింది.

దాంతో ఏమైందంటే, సొంత వాడకానికి బయటి నుంచి తెప్పించుకోవచ్చు, ఊళ్లో మందుల షాపువాడు అమ్మితే మాత్రం నేరం. కుటుంబ నియంత్రణ క్లినిక్‌లు ధర తీసుకోకుండా విరాళం పేరుతో డబ్బు తీసుకుని ఇచ్చేవి. మాత్రలను డాక్టర్లు నెలసరి సరిచేసే మందుగా రాసిచ్చేవారు. డబ్బున్నవాళ్లకు, డబ్లిన్‌లో ఉన్నవాళ్లకు ఏదో ఒక దారి దొరికేది, పల్లెలో కూలి మనిషి భార్యకు దొరికేది కాదు. ఈ ఖాళీని కోర్టు పూడ్చలేదు, చట్టసభే పూడ్చాలి. ఎవరికి, ఎక్కడ, ఏ షరతు మీద అమ్మవచ్చో చెప్పే బిల్లు కావాలి. ఆ పని తీర్పుకు రెండేళ్ల ముందే మొదలుపెట్టినవాళ్లు ఈ ముగ్గురు సెనేటర్లు. "కోర్టు చేసింది, సెనేట్ చేయలేదు" అని రెండు ముక్కలు చేస్తే అసలు విషయం తప్పిపోతుంది.

సభాక్రమం:
1971 బిల్లు ఎక్కడ ఆగిందో తెలిస్తే ఈ వాదన తేలికవుతుంది. అక్కడ బిల్లుకు ఐదు దశలు. మొదటిది ప్రవేశానికి అనుమతి, రెండోది మూలసూత్రం మీద చర్చ, మూడోది క్లాజుల వారీ కమిటీ దశ, నాలుగోది నివేదిక, ఐదోది తుది ఆమోదం. సర్కారు బిల్లుకు మొదటి దశ లాంఛనమే. సొంతంగా బిల్లు తెచ్చే సభ్యులకు అదే పెద్ద గడప, ఎందుకంటే అనుమతి రాని బిల్లును అచ్చువేయరు. అచ్చుకాకపోతే అందులో ఏముందో పత్రికలకూ ప్రజలకూ అధికారికంగా తెలియదు. రెండో దశలో ఓడిన బిల్లుకైనా అచ్చు ప్రతి మిగులుతుంది, వ్యతిరేకించినవాళ్లు ఎందుకు వ్యతిరేకించారో రికార్డులో ఉంటుంది. మొదటి దశలో తిప్పికొడితే అదీ మిగలదు.

1971లో ఆ బిల్లు నెలల తరబడి ఎజెండాలో పడి ఉండి, జులైలో తిరస్కరణకు గురైంది. ఆ మధ్య రాబిన్సన్ చేసిన పని, సభ మొదలయ్యే ముందు ఆనాటి కార్యక్రమం ఖరారు చేసే సమయంలో బిల్లు ఎప్పుడు తీసుకుంటారని నిలదీయడం. బయట మార్చిలో, గర్భనిరోధకాలను వ్యతిరేకిస్తూ డబ్లిన్ ఆర్చిబిషప్ మెక్‌క్వైడ్ రాసిన లేఖను చర్చిల్లో చదివి వినిపించారు. మే 22న మహిళలు రైల్లో బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లాండ్ నగరం బెల్‌ఫాస్ట్ వెళ్లి, అక్కడ చట్టబద్ధంగా కొన్న సాధనాలను కస్టమ్స్ ముందు చూపిస్తూ తిరిగొచ్చారు. సభ లోపల ఒక బిల్లు వేలాడుతూ ఉండబట్టే బయటి నిరసన "చట్టం మార్చండి" అనే కచ్చితమైన డిమాండ్‌గా నిలబడగలిగింది.

ఇక 1973 చివర్లో పెట్టిన కుటుంబ నియంత్రణ బిల్లుకు అనుమతి వచ్చింది, అచ్చయింది, రెండో దశ చర్చ జరిగి ఓడింది. రెండూ ఓటములే కాబట్టి ఒకటే అనుకోవద్దు. రెండేళ్లలో సభ "చర్చించం" నుంచి "చర్చించి వద్దంటాం" దాకా వచ్చింది. ఆ మార్పులో మెగీ తీర్పుకు పెద్ద వాటా ఉంది, దాన్ని నేను కాదనను.

గోదారిగట్టు:
సరే, చర్చ జరిగింది. ఎవరి మనసు మారింది? 1974 జులైలో న్యాయ మంత్రి పాట్రిక్ కూనీ సర్కారు తరఫున బిల్లు తెచ్చాడు, అదీ పెళ్లైనవాళ్లకే. విప్ లేకుండా ఓటింగ్ పెడితే ప్రధాని లియమ్ కాస్‌గ్రేవ్ తన మంత్రి బిల్లుకు తనే వ్యతిరేకంగా ఓటేశాడు. దిగువ సభలో 61-75తో పోయింది. సెనేట్ ప్రసంగాల ప్రభావం అంత ఉంటే ఆ సభలో కనీసం ప్రధాని ఓటైనా నిలవాలి కదా.

వసుధ_లా:
ప్రసంగం విని ప్రధాని మారాలని కొలబద్ద పెడితే ఏ చట్టసభలోనూ ఎవరూ నెగ్గరు. నేను వేరే కొలబద్ద పెడతాను: తర్వాత వచ్చిన చట్టాలను మొదట్లో అడిగిన దానితో పోల్చి చూడండి.

హాహి 1979 చట్టం ప్రకారం కండోమ్‌కు కూడా డాక్టర్ చీటీ కావాలి, అదీ నిజమైన కుటుంబ నియంత్రణ కోసమని డాక్టర్‌కు నమ్మకం కలగాలి. 1985లో ఆరోగ్య మంత్రి బారీ డెస్మండ్ సవరణతో 18 ఏళ్లు దాటినవాళ్లకు చీటీ లేకుండా అమ్మడానికి వీలొచ్చింది. అది దిగువ సభలో 83-80తో గట్టెక్కింది. 17వ సెక్షన్‌ను తీసేయమని 1971లో అడిగితే, అందులో సగం దూరం నడవడానికి 14 ఏళ్లు పట్టింది. 1979 చట్టాన్ని సంస్కరణ అని సర్కారు చెప్పుకున్నప్పుడు, ఇంతకంటే పూర్తి పరిష్కారం ఎనిమిదేళ్ల కిందటే సభ ముందుకొచ్చిందని ఎత్తిచూపడానికి ఆధారం ఈ వీగిపోయిన బిల్లులే.

ఇంకోటి. ఆవిడ సభలో మాట్లాడి ఊరుకోలేదు, లాయరుగా కోర్టులోనూ నిలబడ్డారు. భర్త నుంచి విడిపోవడానికి లాయరు ఫీజు కట్టుకోలేని స్త్రీ తరఫున వాదించిన ఏరీ కేసు 1979లో యూరప్ మానవ హక్కుల కోర్టులో నెగ్గింది. డేవిడ్ నోరిస్ కేసూ అంతే. పురుషుల స్వలింగ సంబంధాలను నేరం చేసే చట్టం మీద 1983లో ఐర్లాండ్ సుప్రీంకోర్టులో 3-2తో ఓడి, 1988లో స్ట్రాస్‌బర్గ్‌లోని ఆ యూరప్ కోర్టులోనే 8-6తో గెలిచారు. నోరిస్ 1987లో తనే సెనేటర్ అయ్యాడు. 1993లో ఆ నేరాన్ని తొలగించే బిల్లు షానద్‌కు వచ్చినప్పుడు సభ్యుడిగా లేచి మాట్లాడాడు. కోర్టు, సభ అని మనం గీస్తున్న గీత వీళ్ల పనిలో లేదు.

ఓరుగల్లు_పౌరుడు:
ఆవిడ అసలు ఆ సభలోకి ఎలా వచ్చారో ఎవరూ అడగడం లేదు. షానద్‌లో 60 మంది. 43 మందిని ఐదు వృత్తి ప్యానెళ్ల నుంచి కౌన్సిలర్లు, దిగువ సభ సభ్యులు, సెనేటర్లు ఎన్నుకుంటారు. 11 మందిని ప్రధాని నామినేట్ చేస్తాడు. ఆరుగురిని పట్టభద్రులు ఎన్నుకునేవారు: ముగ్గురు డబ్లిన్ ట్రినిటీ కాలేజీ నుంచి, ముగ్గురు నేషనల్ యూనివర్సిటీ నుంచి. రాబిన్సన్ 25 ఏళ్ల వయసులో ట్రినిటీ సీటు నుంచి స్వతంత్రంగా గెలిచారు. ఆ 11 నామినేషన్ల వల్ల సర్కారుకు సాధారణంగా మెజారిటీ ఉంటుంది, అందుకే సొంత బిల్లులు చస్తాయి. విప్ లేనివాళ్లు ఎక్కువగా కనిపించేది యూనివర్సిటీ సీట్లలోనే.

తర్వాత లేబర్ పార్టీలో చేరి 1977లో, 1981లో దిగువ సభకు పోటీచేస్తే రెండుసార్లూ ఓడిపోయారు. సామాన్య ఓటరు పంపని మనిషిని డిగ్రీ ఉన్న కొద్దిమంది పంపారు. ఆవిడ చేసిన పని గొప్పది, ఆ తలుపు మాత్రం అన్యాయమైనది. ఇతర ఉన్నత విద్యా సంస్థలకూ ఆ ఓటు హక్కు ఇవ్వచ్చని 1979లో ప్రజలు రాజ్యాంగ సవరణ ఆమోదించారు. దశాబ్దాలు గడిచినా ఏ సర్కారూ అమలు చేయలేదు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు పాత పద్ధతి చెల్లదన్నాక, 2024లో ఆరు సీట్లనూ ఒకే ఉన్నత విద్యా నియోజకవర్గం చేస్తూ చట్టం తెచ్చారు. యూనివర్సిటీ సెనేటర్లను పొగిడేవాళ్లు ఈ సంగతీ చెప్పాలి.

కృష్ణాతీరం:
మనకు దీనితో నేరుగా చుట్టరికం ఉంది. రాజ్యసభకు సాహిత్యం, శాస్త్రం, కళలు, సమాజ సేవ రంగాల నుంచి 12 మందిని నామినేట్ చేసే ఏర్పాటు ఐర్లాండ్ రాజ్యాంగం చూసి తెచ్చుకున్నదే. మన మండలిలో పట్టభద్రుల సీట్లు పన్నెండో వంతు, ఉపాధ్యాయుల సీట్లు మరో పన్నెండో వంతు. ఓరుగల్లు గారి అభ్యంతరం ఇక్కడికీ వర్తిస్తుంది.

ఆపే శక్తి పోల్చండి. మామూలు బిల్లును షానద్ 90 రోజులు, ద్రవ్య బిల్లును 21 రోజులు ఆపగలదు. మన మండలి 197వ అధికరణం కింద మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పంపితే ఒక నెల. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులను ఆంధ్రప్రదేశ్ మండలి సెలెక్ట్ కమిటీకి పంపితే, ఆ నెలలోనే మండలి రద్దు తీర్మానం అసెంబ్లీలో పాసైంది. 2021 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్నారు. బిల్లులేమో 2020 జులై ఆఖరుకే గవర్నర్ ఆమోదం పొందాయి. ఎగువ సభకు మిగిలేది కాలం, మాట. ఆ కాలంలో ఏం మాట్లాడారన్నదే సభ్యుడి విలువ. మన మండలిలో రాబిన్సన్ లాగా ఒకే చట్టం మీద ఏళ్ల తరబడి సొంత బిల్లులతో నిలబడ్డ సభ్యులెవరైనా ఉంటే చెప్పండి, ఆ పోలిక నిజంగా పనికొస్తుంది.

సభాక్రమం:
సొంత బిల్లు ఎగువ సభలో నెగ్గినా పని అయిపోదు. 2018లో స్వతంత్ర సెనేటర్ ఫ్రాన్సెస్ బ్లాక్ ఆక్రమిత ప్రాంతాల (ముఖ్యంగా ఇజ్రాయెల్ ఆక్రమించిన పాలస్తీనా ప్రాంతాల) వస్తువుల దిగుమతిని నిషేధించే బిల్లు తెచ్చారు. అప్పటిది మైనారిటీ సర్కారు, షానద్‌లోనూ దానికి బలం లేదు. జులైలో రెండో దశ 25-20తో గెలిచింది, డిసెంబరుకు షానద్‌లో అన్ని దశలూ దాటింది. 2019 జనవరిలో దిగువ సభలో రెండో దశా గెలిచింది. ఆ తర్వాత ఆగిపోయింది. ఖజానా నుంచి ఖర్చు పడే బిల్లుకు సర్కారు సంతకంతో మనీ మెసేజ్ రావాలి, రాకపోతే బిల్లు కదలదు. సర్కారు ఇవ్వలేదు. ఓటుతో ఆపలేనిదాన్ని కాగితంతో ఆపవచ్చన్నమాట.

సెనేటర్ల పని అంచనా వేసేవాళ్లకు ఒక సూచన. ఐర్లాండ్ పార్లమెంటు వెబ్‌సైట్‌లో షానద్ చర్చలు 1922 నుంచీ ఉన్నాయి, సభ్యుడి పేరుతో వెతకవచ్చు. ఎన్నిసార్లు మాట్లాడారన్న లెక్క పెట్టుకోవద్దు, సభా కార్యక్రమం మీద ఒక్క వాక్యం అడిగినా అది ఒకటి కింద పడుతుంది. బిల్లు పేరు పట్టుకుని, ఏ దశలో ఎవరు ఓటింగ్ కోరారో, అనుకూలం, వ్యతిరేకం జాబితాల్లో ఎవరి పేర్లున్నాయో చూడండి. తర్వాత సర్కారు తెచ్చిన చట్టం క్లాజులను పక్కన పెట్టుకుని చదవండి.

గోదారిగట్టు:
ఆ పద్ధతి నాకు సమ్మతమే. 1973 బిల్లునూ 1979 చట్టాన్నీ క్లాజు క్లాజుగా పక్కపక్కన పెడదాం. రాబిన్సన్ బిల్లులోంచి ఏదైనా ఏర్పాటు 1979 చట్టంలోకి వచ్చినట్టు తేలితే వసుధ గారి మాట ఒప్పుకుంటాను. అమ్మకం ఎవరి చేతుల మీదుగా జరగాలన్న క్లాజుతో మొదలుపెడదామా?

వసుధ_లా:
దాంతోనే మొదలుపెడదాం. దానితోపాటు ప్రచురణల నిషేధాన్ని కూడా తీయండి. గర్భనిరోధం గురించి రాసిన పుస్తకాలను ఆపే అధికారం 1929, 1946 సెన్సార్‌షిప్ చట్టాల్లో ఉండేది. 1971 బిల్లు వాటినీ తాకింది. మెగీ తీర్పు వాటి జోలికే పోలేదు.