సమస్య: "నిప్పు కంటె చలువ నేలఁ గలదె"

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్యగా ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇస్తున్నాను.

నిప్పు కంటె చలువ నేలఁ గలదె

అయిదూ సూర్యగణాలే (చిన్న అక్షరాల గుంపులు: నిప్పు, కంటె, చలువ, నేలఁ, గలదె). యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదిరే జత) ని–నే. పై మూడు పాదాలు మీవి. ప్రాసయతి (యతికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలపడం) వేసినా అభ్యంతరం లేదు. ఒక్క షరతు: "అనుట కల్ల", "అనుట తప్పు" అని తప్పించుకోకండి. ఆ దారిలో ఏ సమస్యనైనా పూరించెయ్యొచ్చు, అందులో మజా ఏముంది?

ఎందుకీ సమస్య అంటే, నాకు నిప్పంటే పిచ్చి. దీపావళికి అందరూ చిచ్చుబుడ్డి పువ్వులు చూస్తే నేను అది ఆరిపోయాక బుడ్డి లోపల మిగిలిన ఎరుపు చూసేవాణ్ణి. భోగి మంట దగ్గర పిడకల దండ వేసి అందరూ తలంటుకి వెళ్ళిపోతారు. అసలు నిప్పు అప్పుడే మొదలవుతుంది. మంట తగ్గి, దుంగ లోపల ఎర్రగా ఊపిరి తీస్తున్నట్టు కణకణలాడుతుంది. దాని ముందు కూర్చుంటే టైమ్ తెలియదు, ఫోన్ గుర్తు రాదు. కాల్చేది చల్లబరుస్తుందేమిటి అని చాలాకాలంగా అనుకుంటున్నాను. మీరేమంటారో చూద్దాం.

గోదారి గట్టు:
బోణీ నాది.

తోకఁ జుట్టి నూనె తోడ నంటింపఁగ
సీత వేడె నగ్ని శీతలింప
వాలమందు మంచు వలె నుండె నా మంట
నిప్పు కంటె చలువ నేలఁ గలదె

నిర్వాహకుడు:
సుందరకాండ వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నాను, మొదటి పద్యంగానే వచ్చింది! మూడో పాదం చాలా బాగుంది. వాల్మీకి 53వ సర్గలో హనుమ కూడా తోక కొసన మంచు పెట్టినట్టుందే అని ఆశ్చర్యపోతాడు. అంటే ఆ పోలిక మీకు గాలిలోంచి రాలేదు. మొదటి పాదమే కొంచెం తేడాగా ఉంది. "తోకఁ జుట్టి" అంటే తోకనే చుట్ట చుట్టినట్టు వినిపిస్తోంది. గుడ్డ ఏది?

గోదారి గట్టు:
అయితే ఇలా: "గుడ్డ చుట్టి నూనె గుమ్మరించి రగుల్ప". గుమ్మరిం ర గణం, చిరగుల్ప సల, గణాలు సరిపోయాయి.

నిర్వాహకుడు:
ఇప్పుడు లంక వాసన వస్తోంది. అదే సర్గలో ఇంకో మాట ఉంది, ఎవరూ పద్యంలోకి తేలేదు. మంట ఎందుకు కాల్చడం లేదా అని హనుమ కారణాలు వెతుక్కుంటాడు. సీతమ్మ దయ, రాముడి తేజస్సు, మూడోది తన తండ్రి వాయువుకి అగ్నితో ఉన్న స్నేహం. గాలి లేకపోతే నిప్పు బతకదు కదా! పురాణం కాబట్టి నమ్మాలి అని కాకుండా, పొయ్యి ఊదిన ఎవరైనా ఒప్పుకునే కారణం చెప్పాడు చూడండి.

పల్నాటి కుర్రాడు:
కొత్తగా చేరాను. తప్పులుంటే చెప్పండి సార్.

రోహిణెండ గాయ రోళ్లు పగులు వేళ
రెంటచింతలందు పెద్ద మంట
గాడ్పు కంటె నయము గాడిపొయ్యి యకట
నిప్పు కంటె చలువ నేలఁ గలదె

గోదారి గట్టు:
నవ్వి చచ్చాను తమ్ముడూ. మీ రెంటచింతల ఎండ గురించి వార్తల్లో వినడమే గానీ పద్యంలో ఇప్పుడే చదివాను.

నిర్వాహకుడు:
తమ్ముడూ, మూడో పాదానికి నా నమస్కారం. పెళ్ళి వంటల గాడిపొయ్యి దగ్గర నిలబడ్డవాడికే ఆ పోలిక తడుతుంది. ఇక రిపేర్లు. రెండో పాదంలో రెం–పె యతి చెల్లదు. "రెంటచింతలందు రేగు మంట" అంటే సరి, అర్థం కూడా కదిలింది. మొదటి పాదంలో "రోహిణెండ" వాడుకలో వింటాం, పద్యంలో "రోహిణి యెండ" అంటేనే బాగుంటుంది. అప్పుడు గణాలు చెదురుతాయి కాబట్టి సామెతనే తిరగేద్దాం: "రోళ్లు పగులు నంట రోహిణి యెండకు". యతి రో–రో.

పల్నాటి కుర్రాడు:
సూపర్ సార్. మూడు సార్లు పైకి చదువుకున్నా, ఎక్కడా తట్టుకోలేదు.

పాలమూరు:
మా దిక్కు పీర్ల పండుగకు గుండం తవ్వుతరు. చిన్నప్పుడు మా తాత భుజాల మీద కూసొని చూసిన. పీరు ఎత్తుకున్నాయన నిప్పుల మీదికెళ్ళి పోతుంటే నాకు కాళ్ళు జలదరించేవి, ఆయన మొహంల మాత్రం ఏమీ ఉండేది కాదు. వీరభద్రుని గుడి కాడ కూడా గుండం తొక్కుతరు. నా పూరణ:

గుండమందు నడచి గుడికేగు భక్తుని
కాలు కమల దింత, కలత లేదు
నమ్మి యడుగు వేయు నరునకుఁ జూడంగ
నిప్పు కంటె చలువ నేలఁ గలదె

భౌతికం మాస్టారు:
పద్యం నడక బాగుంది. అయితే ఇందులో నమ్మకం పని ఎంతో, బొగ్గు పని ఎంతో చూడాలి. నిప్పుకణిక వేడి వందల డిగ్రీలు ఉంటుంది, నిజమే. కానీ బొగ్గు వేడిని తొందరగా బయటికి ఇవ్వదు. పైన పేరుకున్న బూడిద ఇంకా పిసినారి. అడుగు పడి లేచే లోపల అరికాలికి చేరే వేడి కొంచెమే. అదే వేడిలో ఇనప పెనం మీద అడుగు పెడితే ఏ భక్తీ కాపాడదు. నాదీ ఒకటి తీసుకోండి.

బూడిదపయి నడువ బొగ్గు వేడిమి యంట
దడుగు వడిగ వేయ, నదియె మహిమ
నిలిచి చూచి చెప్పు నిమిషమ్ము గుండాన
నిప్పు కంటె చలువ నేలఁ గలదె

పాలమూరు:
మాస్టారూ, మీ లెక్క ఒప్పుకుంట. అయితే మొదటి అడుగు వేసే ముందట కొలిచే మీటర్ ఉన్నదా మీ దగ్గర?

భౌతికం మాస్టారు:
లేదండీ. ఆ అడుగు వేసే ధైర్యం నాకూ లేదు, సూత్రం తెలిసి కూడా.

నిర్వాహకుడు:
మాస్టారు గడుసువారు. "కల్ల" అనకుండానే "నిలిచి చూచి చెప్పు" అని ఎదుటివాడి మీదికి తోసేశారు. నా షరతుకి దొరక్కుండా తప్పించుకున్నారు, పోనివ్వండి. "అంట దడుగు" పాదం దాటిన సంధి ముచ్చటగా ఉంది, అడుగు నిజంగానే గెంతింది. రెండో పాదం యతి రెండు చోట్లా అకారానికి, సరిపోయింది. చదివేవాళ్ళు మాత్రం ఇంట్లో ప్రయోగాలు చెయ్యకండి.

మాస్టారూ, నాదో ప్రశ్న. కొవ్వొత్తి మంట కింద నీలం, పైన పసుపు ఎందుకు?

భౌతికం మాస్టారు:
కింద గాలి బాగా అందుతుంది, మండడం పూర్తిగా జరుగుతుంది, నీలం. పైన మసి రేణువులు పూర్తిగా కాలక ముందే ఎర్రగా వేడెక్కి వెలుగుతాయి, అదే పసుపు. అంటే మనం ముచ్చటపడి చూసేది సగం కాలిన మసినే. ఇంకో సంగతి, మంటకి ఆ మొన వేడిగాలి పైకి పోవడం వల్ల వచ్చింది. బరువు తెలియని అంతరిక్ష నౌకలో వెలిగిస్తే పైకి అన్న మాటే లేదు కాబట్టి మంట గుండ్రంగా, నీలంగా చిన్న బంతిలా ఉంటుంది.

గోదారి గట్టు:
అయితే అక్కడ "అగ్నిశిఖ" అని రాయలేం.

నిర్వాహకుడు:
అందుకే మన పాతవాళ్ళ కన్ను నాకు ఇష్టం. ముండకోపనిషత్తులో అగ్నికి ఏడు నాలుకలు చెప్పారు: కాళి, కరాళి, మనోజవ, సులోహిత, సుధూమ్రవర్ణ, స్ఫులింగిని, విశ్వరుచి. నల్లనిది, భయపెట్టేది, మనసంత వడిగలది, బాగా ఎర్రనిది, పొగరంగుది, రవ్వలు చిమ్మేది, అంతటా వెలిగేది. ఎవరో హోమం దగ్గర మంత్రం సంగతి మర్చిపోయి మంటనే చూస్తూ కూర్చుని ఉంటారని నా అనుమానం. మీరూ అలా కాసేపు చూసి రాయండి. ప్రహ్లాదుడి మీద, సీతమ్మ అగ్నిప్రవేశం మీద పూరణలు ఇంకా చాలా వచ్చాయి, అన్నీ గణాలకు సరిపోయాయి, ఒక్కదాంట్లోనూ సెగ తగల్లేదు. అందుకే ఇక్కడ పెట్టడం లేదు.

వంటిల్లు:
నేను ఛందస్సు ఈ మధ్యే నేర్చుకున్నాను. అమ్మ పోయేనాటికి నాకు వంట కూడా రాదు. నాన్న పొలానికి వెళ్తే సాయంత్రం పొయ్యి ముందు నేనొక్కదాన్నే. చీకటంటే భయం, మంట ఉన్నంతసేపు భయం ఉండేది కాదు. అన్నం ఉడికిపోయినా ఇంకో పుల్ల ఎగదోసేదాన్ని.

మంటఁ జూచుచుండ మనసులో కలతలు
కాలి బూడిదగును గాలిఁ గలసి
తల్లి లేని యింటఁ దల్లియై నిల్చిన
నిప్పు కంటె చలువ నేలఁ గలదె

పాలమూరు:
అక్కా, ఇగ నా పద్యం తీసేసినా ఫర్వాలేదు.

భౌతికం మాస్టారు:
దీనికి నా దగ్గర సూత్రం లేదమ్మా.

నిర్వాహకుడు:
మిగతా వాటిలో సమస్య పాదం విడిగా ప్రశ్నలా మిగిలింది. ఇక్కడ "నిల్చిన నిప్పు" అని మూడో పాదం వచ్చి దాన్ని పట్టుకుంది, అతుకు కనిపించదు. ఒక్క సవరణ, మీకు ఇష్టమైతేనే. కాలడం, బూడిద కావడం, గాలిలో కలవడం వరుసగా జరగాలి కదా. "గాలిఁ గలసి" చివర ఉండేసరికి గాలిలో కలిశాక బూడిద అయినట్టుంది. "కాలి బూడిదగుచు గాలిఁ గలియు" అంటే?

వంటిల్లు:
అవునండీ, అలాగే మార్చండి. ఎగదోయడం అన్న మాట పెట్టాలని చాలా చూశాను, గణాల్లో ఇమడలేదు.

నిర్వాహకుడు:
దానికి కంద పద్యం రాయండి, ఇక్కడే పెడదాం. ఈలోగా వచ్చే వారం సమస్య, తేటగీతి చివరి పాదం:

నీట మునిగిన దీపమ్ము నింగి వెలిగె

పల్నాటి కుర్రాడు:
సార్, సూర్యుడేగా? సముద్రంలో మునిగి పొద్దున్నే లేస్తాడు!

నిర్వాహకుడు:
అందరూ అదే రాస్తారు తమ్ముడూ. సూర్యుణ్ణి వదిలేసి ప్రయత్నించు.