అప్‌డేట్: పాత జియాన్ సర్వర్ కంటే ల్యాప్‌టాప్ ఎందుకు వెనకబడిందో తెలిసింది

రైజెన్ 7 5800హెచ్ ప్రాసెసర్ ఉన్న నా ల్యాప్‌టాప్‌కీ, 2012 నాటి జియాన్ ఈ5-2670 ప్రాసెసర్ ఉన్న నా సర్వర్‌కీ 8 కోర్లు, 16 థ్రెడ్లే కదా, బ్లెండర్ (3డీ సాఫ్ట్‌వేర్) సీన్‌ని చిత్రంగా మార్చే పనిలో, అంటే రెండర్‌లో, ల్యాప్‌టాపే ఎందుకు నెమ్మదిగా ఉందని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

“ఛార్జర్ పెట్టి చూడండి” అన్న మాటే పనిచేసింది. నేను బ్యాటరీ మీద టెస్ట్ చేశాను. అప్పుడు ప్రాసెసర్‌కి అందే పవర్ బాగా తగ్గిపోతుందట. ఛార్జర్ పెట్టి పర్ఫార్మెన్స్ మోడ్‌లో నడిపితే, సర్వర్‌కి పట్టే టైమ్‌లో దాదాపు సగానికే రెండర్ అయిపోయింది. 115 వాట్ల జియాన్ చిప్‌ని 45 వాట్ల రైజెన్ చిప్ దాటేసిందంటే నిజంగా సంతోషమేసింది. పైగా ఆ జియాన్‌లో ఏవీఎక్స్2 (ఒకేసారి ఎక్కువ లెక్కలు చేయించే ప్రాసెసర్ సూచనలు) కూడా లేదు.

ల్యాప్‌టాప్ ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే థర్మల్ పేస్ట్ మార్చినా తేడా రాలేదు. ప్రాసెసర్ లోపలి క్యాష్ మెమరీ 20 ఎంబీనా (జియాన్), 16 ఎంబీనా (రైజెన్) అన్నదీ నా పనికి అక్కర్లేని లెక్కే. సర్వర్ మాత్రం అమ్మట్లేదు: దాన్లో 128 జీబీ ర్యామ్ ఉంది, నా పెద్ద సీన్లు ల్యాప్‌టాప్ 16 జీబీలో పట్టవు.